నరికితే 3 రెట్లు, రోడ్డేస్తే 30 రెట్లు: కొండచరియల లెక్కల్లో ఏది నమ్మాలి?

వాగుగట్టు (ప్రశ్న)

కొండవాలు అడవుల్లో చెట్లు నరకడం, అడవి రోడ్లు వేయడం చరియలు విరిగిపడటాన్ని ఎంత పెంచుతాయన్న దాని మీద ఒక నివేదిక రాయాలి. చదివేకొద్దీ అంకెలు ఒకదానికొకటి పొసగడం లేదు.

అందరూ ఎత్తిచూపేది అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, కాస్కేడ్ పర్వతాల పడమటి వాలు. అక్కడి హెచ్.జె. ఆండ్రూస్ ప్రయోగ అడవిలో పాతికేళ్ళ చరియలను లెక్కగట్టి స్వాన్సన్, డిర్నెస్ అనే పరిశోధకులు 1975లో ఇచ్చిన ఫలితం: ముట్టని అడవితో పోలిస్తే, మొత్తం నరికేసిన చోట చరియల్లో కదిలిన మట్టి 2.8 రెట్లు, రోడ్డు పట్టాలో 30 రెట్లు. అదే అధ్యయనం గురించి ఇంకోచోట "నరికివేత, రోడ్లు రెండిటి వాటా ఇంచుమించు సమానం" అని ఉంది. ఇడాహో రాష్ట్రం లెక్కలు తీస్తే రోడ్ల వల్ల ఏకంగా 750 రెట్లు!

నా సందేహాలు మూడు. ఈ అంకెల్లో ఏది వాడాలి? తప్పంతా రోడ్లదే అయితే నరికిన చోట మళ్ళీ మొక్కలు నాటి లాభమేంటి? ఇప్పటికే ఉన్న కొండ రోడ్డు మీద వానలకు ముందు ఏం చూడాలి, ఏం చేయాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

గులకరాయి

మీరు చెప్పిన మూడు అంకెలూ నిజమే. రెట్లు అని కనబడగానే హారం ఏంటో చూడాలి, ఎక్కువమంది అదే వదిలేస్తారు.

30 రెట్లు అన్నది రోడ్డు పట్టాలోని ఒక చదరపు కిలోమీటరుకి. పట్టా అంటే బండి నడిచే వెడల్పు ఒక్కటే కాదు, పైన కోసిన గోడ నుంచి కింద పోసిన మట్టి అంచు దాకా. అది 15 మీటర్లనుకుంటే, ఒక చదరపు కిలోమీటరు పట్టా అంటే దాదాపు 67 కిలోమీటర్ల పొడవు రోడ్డు. ఒక చిన్న వాగు పరీవాహకంలో (ఆ వాగులోకి నీళ్ళు చేరే నేల మొత్తం) అంత రోడ్డు ఎక్కడా ఉండదు. కాబట్టి 30ని తీసుకెళ్ళి మొత్తం పరీవాహకానికి అంటగట్టకూడదు.

ఆండ్రూస్ వాళ్ళు ఆ లెక్క కూడా వేశారు. నరికివేత జరిగిన నేలలో 8 శాతం రోడ్డు పట్టా, 92 శాతం నరికిన భాగం అనుకుంటే: 0.08 × 30 = 2.4, 0.92 × 2.8 = 2.6 దగ్గర. కలిపితే 5. అంటే మనిషి చేయిపెట్టిన నేల మొత్తం మీద చరియల మట్టి అడవితో పోలిస్తే సుమారు 5 రెట్లు, అందులో రోడ్లది సగం, నరికివేతది సగం. "సమానం" అన్న మాట అక్కడిది. ఎకరానికి చూస్తే రోడ్డు భయంకరం, పరీవాహకానికి చూస్తే ఇద్దరూ చెరి సగం. నివేదికలో రెండూ రాయండి, ఏ హారం మీదో పక్కనే చెప్పండి.

ఈ 5 రెట్లు కూడా అడవి మొత్తానికి కాదు. ఆండ్రూస్‌లో సుమారు 900–1000 మీటర్ల ఎత్తుకి దిగువన మెత్తబడిన అగ్నిపర్వత బూడిద రాళ్ళు, ఆపైన గట్టి లావా పొరలు. చరియలు దాదాపు అన్నీ దిగువ భాగంలోవే. పైభాగంలో రోడ్లు వేసినా పాతికేళ్ళలో లెక్కపెట్టదగ్గది ఏమీ జరగలేదు. రెండిటినీ కలిపి సగటు తీస్తే పైవాళ్ళని ఊరికే భయపెడుతుంది, కిందివాళ్ళకి లేని ధైర్యం ఇస్తుంది.

ఇడాహో 750కి ఇంకో కథ. అది సౌత్ ఫోర్క్ సామన్ నది పరీవాహకం, గ్రానైట్ చివికి ముతక ఇసుకైపోయిన నేల. కొత్తగా వేసిన రోడ్ల మీద మొదటి ఆరేళ్ళు కొలిచారు, చరియలతోపాటు వానకి కొట్టుకుపోయే పైమట్టినీ కలిపారు. కొత్త రోడ్డు మీద మొదటి ఒకటి రెండేళ్ళు పైమట్టి కోత విపరీతంగా ఉండి, ఆ తరువాత వేగంగా పడిపోతుంది. అంత పెద్ద అంకె రావడానికి ఆరేళ్ళ సగటు కావడమూ ఒక కారణం. ఆండ్రూస్‌ది పాతికేళ్ళు, చరియలు మాత్రమే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి పోల్చే సరుకు కాదు.

ఇంకొక్కటి. రోడ్డు కొండ మీద ఎక్కడుందన్నది రోడ్డు ఎంత పొడవన్నదాని కంటే ముఖ్యం. 1996 ఫిబ్రవరి వరద తరువాత అదే ప్రాంతంలో రోడ్ల వెంట నడిచి చూస్తే, నడికొండ రోడ్ల నుంచి మట్టి ఎక్కువగా కదిలింది. లోయ అడుగున వాగు పక్కన ఉన్న రోడ్లయితే పైనుంచి వచ్చిన మట్టిని ఆపి నిలబెట్టాయి కూడా. శిఖరం మీది రోడ్డుకి పైనుంచి వచ్చే నీళ్ళే ఉండవు.

ఎర్రమట్టి

రెండో సందేహానికి నేను చెప్తాను. వేళ్ళు ఏం చేస్తాయో అంకెల్లో చూస్తే మొక్కలు నాటడం దండగ కాదని తేలుతుంది, దానికి ఎంత దూరం చేతనవుతుందో కూడా తేలుతుంది.

38 డిగ్రీల వాలు. బండరాయి మీద ఒక మీటరు మందం మట్టి. తడిసిన మట్టి బరువు ఘనపు మీటరుకి 18 కిలోన్యూటన్లు, మట్టి ఘర్షణ కోణం (అతుకు లేని పొడి మట్టి జారకుండా నిలవగల గరిష్ఠ వాలు) 34 డిగ్రీలు. గమనించండి, వాలు ఘర్షణ కోణం కంటే ఎక్కువ. అంటే అతుకుబలం (మట్టిని కలిపి పట్టే బలం) లేకపోతే ఎండాకాలంలో కూడా ఆ మట్టి నిలవదు (నిలిపే బలాన్ని జార్చే బలంతో భాగిస్తే 0.86 వస్తుంది, 1 కంటే తక్కువైతే జారినట్టే). దాన్ని పట్టుకున్నది వేళ్ళే.

వేళ్ళ అతుకు 6 కిలోపాస్కల్స్ అనుకోండి. మట్టి పొడిగా ఉంటే ఆ భాగఫలం 1.55. పొరలో సగం దాకా నీళ్ళు లేస్తే 1.32. పూర్తిగా నిండినా 1.08, అంటే గండం గడిచినట్టే. ఇప్పుడు చెట్లు కొట్టేశాం, వేళ్ళు కుళ్ళి అతుకు 3కి పడింది. అదే వాలు, అదే మట్టి. నీళ్ళు 44 సెంటీమీటర్లు లేచేసరికి 1కి వచ్చేస్తుంది. ఎప్పుడో వందేళ్ళకొచ్చే వానకి కూడా నిలబడే నేల, ఇప్పుడు నాలుగైదేళ్ళకోసారి వచ్చే వానకే జారిపోవచ్చు. చరియల సంఖ్య పెరగడమంటే అసలు అర్థం ఇదే, వాన మారలేదు, వానని ఓర్చుకునే గీత కిందికి దిగింది.

6, 3 అన్నవి ఉదాహరణకి తీసుకున్నవి. ఒరెగాన్ తీర పర్వతాల్లో గుంతలు తవ్వి వేళ్ళు కొలిచినప్పుడు నరికిన చోట 10 కిలోపాస్కల్స్ లోపే ఉంది, పాత సహజ అడవిలో 25 నుంచి 94 దాకా, మధ్యలో వాణిజ్య తోటల్లో 7 నుంచి 23 దాకా. అంటే "అడవి ఉంది" అనుకున్న తోటకి కూడా పాత అడవి పట్టు లేదు.

సమయం సంగతి: నరికిన రోజే వేళ్ళు చావవు. సన్న వేళ్ళు ముందు కుళ్ళుతాయి, లావువి తరువాత. కొత్త మొక్కల వేళ్ళు మెల్లగా పెరుగుతాయి. కుళ్ళే గీత, పెరిగే గీత కలిసే చోట పట్టు అతి తక్కువగా ఉండే కాలం, ప్రమాదపు కిటికీ అనుకోండి, నరికిన మూడేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా. అందుకే నరికిన మరుసటి ఏడు గట్టి వానకి ఏమీ కాకపోతే "చూశారా, ఏం కాలేదు" అనుకోవడం పొరపాటు. తొందరగా నాటితే ఈ కిటికీ ఇరుకవుతుంది, మూసుకుపోదు. నరికేటప్పుడే వాలు మీద దోసిలి ఆకారంలో ఉండే పల్లాలు వదిలేస్తే ఇంకా మంచిది. చుట్టూ నుంచి భూమిలో నీళ్ళు చేరేది అక్కడికే, శతాబ్దాలుగా మట్టి పేరుకున్నదీ అక్కడే, చరియలు ఎక్కువగా మొదలయ్యేదీ అక్కడే.

రోడ్డుకి ఈ కిటికీ లేదు. చెట్లు 20 ఏళ్ళలో కోలుకుంటాయి, కోసిన గోడ కోసినట్టే ఉంటుంది. కింద పోసిన మట్టిలో పూడ్చిన కొమ్మలు, మొద్దులు 20 ఏళ్ళకి కుళ్ళడం పూర్తయి అప్పుడే బోలు పడటం మొదలవుతుంది. పాత రోడ్డు, తొక్కిపెట్టిన రోడ్డు కదా, కుదురుకుంది అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఘాట్‌మలుపు

మూడో సందేహం నాది. కొంచెం పెద్దదవుతుంది.

రోడ్డు కొండని మూడు రకాలుగా పాడు చేస్తుంది: పై వాలు కాలు (అడుగు భాగం) నరుకుతుంది, కింది వాలు నెత్తిన మట్టి వేస్తుంది, నీళ్ళ దారి మారుస్తుంది. జనం కళ్ళకి కనబడేది మొదటిది, ఎందుకంటే పడిన మట్టి రోడ్డు మీదే ఉంటుంది, బస్సు ఆగుతుంది, ఫొటో వస్తుంది. వాగులకీ, కిందున్న ఊళ్ళకీ ఎక్కువ నష్టం చేసేవి మాత్రం రెండోది, మూడోది. అవి రోడ్డు కింద జరుగుతాయి, పైనుంచి వెళ్ళేవాళ్ళకి కనబడవు.

మట్టి సంగతి ముందు. జేసీబీ కోసిన మట్టిని పక్కకి తోసేస్తే అది దాదాపు 1.5కి 1 వాలులో (1.5 మీటర్లు అడ్డంగా పోతే 1 మీటరు దిగుడు) నిలుస్తుంది, అంటే 67 శాతం. కొండ వాలు 40 శాతమైతే, రోడ్డు అంచున మీటరు ఎత్తు పోసిన మట్టి 3.7 మీటర్ల దూరంలో నేలని తాకి ఆగుతుంది. 55 శాతం వాలైతే 8 మీటర్లు దాటాలి. 60 శాతమైతే 14 మీటర్లు. అంటే కొండ మీద పల్చని మట్టి దుప్పటి పరిచినట్టు, దానికి కాలూనే చోటే లేదు. 67 దాటితే అసలు ఆగదు. పైగా కింద గడ్డి, తుప్పలు, కొమ్మలు తీయకుండా పోస్తారు కాబట్టి పాత నేలకీ కొత్త మట్టికీ మధ్య పట్టే ఉండదు.

అందుకే 55–60 శాతం దాటిన వాలు మీద రోడ్డు వెడల్పు మొత్తం కొండలోకే కోసి, మట్టిని టిప్పర్లలో వేరే చోటికి ఎత్తాలన్నది నియమం. ఎందుకు ఎగ్గొడతారో లెక్క చూడండి. 5 మీటర్ల రోడ్డు, 60 శాతం వాలు, కోసిన గోడ మీటరు ఎత్తుకి అర మీటరు వెనక్కి. గోడ ఎత్తు 4.3 మీటర్లు వస్తుంది, మీటరు పొడవుకి 10.7 ఘనపు మీటర్ల మట్టి. కిలోమీటరుకి 10,700. తవ్వితే ఉబ్బుతుంది, 1.3తో గుణిస్తే 13,900 చిల్లర. పది ఘనపు మీటర్ల టిప్పర్‌తో కిలోమీటరుకి దాదాపు 1,400 ట్రిప్పులు. కాగితం మీద ఇవన్నీ ఉంటాయి, రాత్రి పూట లోయలోకి తోసేస్తే ఎవరు లెక్కపెడతారు?

కొత్త రోడ్డే కాదు, నిర్వహణ పేరుతోనూ ఇదే జరుగుతుంది. ప్రతి వానాకాలం పైగోడ నుంచి జారిన మట్టిని సైడు కాలువలోంచి ఎత్తి అవతలి అంచు మీంచి కిందికి నెట్టేస్తారు. పదేళ్ళకి అంచున రెండు మీటర్ల మెత్తటి గుట్ట తయారవుతుంది. ఒక్కో ఏడూ కొంచెం కాబట్టి ఎవరికీ పట్టదు. ఆ మట్టి కూడా ఎత్తి చదునైన చోట వేయాల్సిందే.

కాలువ శుభ్రం చేసేటప్పుడు ఇంకో తప్పు: జారిన మట్టిని పూర్తిగా గోడ మొదలు దాకా గీకి నున్నగా చేయడం. ఆ జారిన మట్టే పైనున్న దానికి ఊతం. బకెట్ వెడల్పున కాలువ తెరిస్తే చాలు, గోడని ముట్టొద్దు.

ఇక నీళ్ళు. కొండలో మట్టి పొర కింద, బండ మీద మెల్లగా దిగే ఊటనీళ్ళని కోసిన గోడ అడ్డంగా తెగ్గొట్టి బయటికి లాగుతుంది. అవి సైడు కాలువలో పడి, వంద చోట్ల చెమ్మగా దిగాల్సిన నీళ్ళు ఒకే చోట ధారగా దిగుతాయి. ఆండ్రూస్, దాని పక్క పరీవాహకం కలిపి చూస్తే రోడ్ల పొడవులో 57 శాతం నీళ్ళు ఏదో ఒక దారిన నేరుగా వాగులో కలుస్తున్నాయి. ఆ ధార ఎర్రమట్టి గారు చెప్పిన దోసిలి పల్లం నెత్తిన పడితే పని అయిపోయినట్టే. కాబట్టి అడ్డ తూముల (సైడు కాలువ నీళ్ళని రోడ్డు కిందుగా అవతలికి దాటించేవి) మధ్య దూరం చూడండి. తేలిగ్గా కొట్టుకుపోయే మట్టిలో రోడ్డు ఏటవాలు 3 శాతం లోపైతే సుమారు 75 మీటర్లకొకటి, 4–6 శాతమైతే 50, 7–9 అయితే 40, 10 దాటితే 35, 12 పైన 30. గట్టి నేలలో దాదాపు ఒకటిన్నర రెట్లు దూరం పెట్టుకోవచ్చు. తూము నోరు ముక్కు వంటి గట్టు మీదికి తెరుచుకోవాలి, పల్లంలోకి కాదు. కింద పోసిన మట్టి మీదికి అసలే కాదు.

వాగు దాటే కల్వర్టులు వేరే సంగతి. వాషింగ్టన్, ఒరెగాన్, ఉత్తర కాలిఫోర్నియాల్లో పెద్ద వరదల తరువాత కూలిన కల్వర్టులు చూస్తే ఎక్కువగా నీళ్ళు పట్టక కాదు, దుంగలు, రాళ్ళు, బురద అడ్డుపడి. దుంగ వాగులో పొడవునా సాఫీగా వస్తుంది. పైపు వాగు కంటే ఇరుకైతే ముందర నీళ్ళు మడుగు కడతాయి, మడుగులో దుంగ గిర్రున తిరిగి అడ్డం పడుతుంది. ఆ తరువాత ఆకులూ కొమ్మలూ చాలు. కాబట్టి వరద ప్రవాహానికి లెక్కగట్టి 900 మిల్లీమీటర్ల పైపు సరిపోతుందన్నా, వాగు గట్ల మధ్య వెడల్పు రెండు మీటర్లుంటే ఆ పైపు సరిపోనట్టే.

అన్నిటికన్నా చవకైన పరీక్ష ఒకటుంది. కల్వర్టు మీద నిలబడి, పైపు పూర్తిగా మూసుకుపోయింది అనుకోండి. నీళ్ళు రోడ్డెక్కి అక్కడికక్కడే అవతల వాగులోకి దూకుతాయా, లేక రోడ్డు వాలు వెంట కాలువలో పరుగెత్తి అరకిలోమీటరు అవతల ఎక్కడో కొండ మీద పడతాయా? రెండోదైతే వాగు దారి తప్పుతుంది. దారి తప్పిన వాగు ఎన్నడూ నీళ్ళు చూడని వాలుని కోస్తుంది, చరియ అక్కడ విరుగుతుంది, తరువాత వచ్చినవాళ్ళకి కారణం అంతుపట్టదు. విరుగుడు: కల్వర్టు దాటాక రోడ్డు దిగే వైపు, రోడ్డులోనే ఒక అడుగు లోతు వెడల్పాటి పల్లం. పెద్ద పైపు కంటే ఇది చాలా చవక.

వానలకు ముందు నడవాల్సింది రోడ్డు లోపలి వైపు కాదు, బయటి అంచు. చంద్రవంకలా వంగిన పగులు, దాని అవతలి భాగం రెండు మూడు సెంటీమీటర్లు దిగినా, పారాపెట్ దిమ్మలు లోయ వైపు ఒరిగినా, కింది చెట్ల మొదళ్ళు వంగి పైకి నిక్కినా అది కదిలే మట్టి. పగుల్లో సిమెంటు పోసి తారు పూయడం వల్ల లాభం లేదు, లోపల జారుడు అలాగే ఉంటుంది. ముందు నీళ్ళు అటు పోకుండా మళ్ళించండి, టార్పాలిన్ కప్పండి, బరువు బండ్లు లోపలి వైపు నడపండి. వీలైన మొదటి పొడి వారంలో ఎక్స్‌కవేటర్‌తో ఆ అంచు మట్టిని పైకి లాగి తీసేయాలి. గోడ కట్టాలంటే పునాది బండ మీద కూర్చోవాలి. పోసిన మట్టి మీద కట్టిన రిటైనింగ్ వాల్ గోడ కాదు, అదనపు బరువు.

వాగుగట్టు

చాలా ఉపయోగం, ముగ్గురికీ ధన్యవాదాలు. రెండు చిన్న ప్రశ్నలు. చరియల జాబితా ఉపగ్రహ చిత్రాల మీద గీస్తే సరిపోతుందా? ఒరెగాన్ అంకెలు మన తూర్పు కనుమలకి, అల్లూరి సీతారామరాజు జిల్లా ఘాట్ రోడ్లకి ఎంతవరకు పనికొస్తాయి?

పటంపిచ్చి

చిత్రాల మీద మాత్రమే గీస్తే అడవిని తక్కువ చేసి, నరికిన నేలని ఎక్కువ చేసి చూపిస్తారు. కొట్టేసిన వాలు మీద పది మీటర్ల గాయం కూడా ఎర్రగా మెరుస్తుంది. అదే గాయం ముప్పై మీటర్ల చెట్ల కింద ఉంటే పైనుంచి కనబడదు. 1996 తుఫాన్ల తరువాత ఒరెగాన్ అటవీశాఖ వాగుల వెంట నడిచి లెక్కపెట్టినప్పుడు, నేల మీద దొరికిన చరియల్లో ఎక్కువ భాగం విమాన ఫొటోల్లో దొరకలేదు. నడిచి చూసిన లెక్కలో తేడా తగ్గింది కానీ మాయం కాలేదు: నాలుగు ప్రాంతాల్లో మూడు చోట్ల, నరికి తొమ్మిదేళ్ళు దాటని చోట్ల చరియలు ఎక్కువే ఉన్నాయి. కాబట్టి చిత్రాల మీద గీయండి, తరువాత కనీసం రెండు మూడు వాగులు కింద నుంచి పైకి నడిచి ఎన్ని తప్పిపోయాయో లెక్క తీయండి. అడవికి ఒకటి, నరికిన చోటుకి ఒకటి, వేరువేరుగా.

జాబితాలో సంఖ్య ఒక్కటే వద్దు. పొడవు, వెడల్పు, లోతు, మొదలైన చోటి వాలు, వాగులో కలిసిందా లేదా, రోడ్డుకి పైనా కిందా అన్నవి రాయండి. రోడ్డు కింద ఐదొందల మీటర్ల అవతల మొదలైన చరియని "సహజం" అని రాసేముందు పైకి నడిచి అక్కడి తూము ఎక్కడ తెరుచుకుందో చూడండి.

మన దేశానికి మొదటి పటం కావాలంటే హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2023లో తెచ్చిన చరియల అట్లాస్ ఉంది, 1998–2022 మధ్యవి సుమారు 80,000. పెద్ద చిత్రానికి బాగుంటుంది. రోడ్డు మలుపు స్థాయి పనికి అది చాలదు.

గులకరాయి

తూర్పు కనుమల గురించి: పద్ధతి తెచ్చుకోండి, రెట్లు తెచ్చుకోకండి.

ఎందుకంటే, అక్కడి పెద్ద సంఘటనలు మంచు మీద వాన కురిసి వచ్చినవి. నరికిన చోట మంచు ఎక్కువ పేరుకుని ఒక్కసారిగా కరుగుతుంది, అది మనకి లేదు. మనకి గట్టి దెబ్బ అక్టోబరులో, నైరుతి వానలకి నేల అప్పటికే నాని ఉన్నప్పుడు బంగాళాఖాతం తుఫాను ఎక్కితే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరువే. తిత్లీకి పక్కనే ఒడిశాలోని గజపతి జిల్లా బరఘరలో చరియ కింద ప్రాణాలు పోయాయి.

రాయి కూడా వేరు. తూర్పు కనుమల్లోని ఖొండలైటు అనే రాయి లోతుగా చివికి ఎర్ర జిగట మట్టి అవుతుంది, రాతి పలకలు రోడ్డు వైపు వాలి ఉంటే కోసిన వెంటనే జారుతుంది. చార్నొకైటు అనే ఇంకో రాయి చివికితే మట్టిలో బండలు మిగులుతాయి, మట్టి కొట్టుకుపోయాక బండ దొర్లుతుంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో బొర్రా గుహలు, చిమిడిపల్లి దగ్గర పట్టాల మీద పడేవాటిలో ఇలాంటివి ఎన్నో. దానికి నరికివేత కారణం కాదు, కోత కారణం.

చెట్టు కూడా వేరు. ఒరెగాన్ అడవుల్లోని డగ్లస్ ఫర్ చెట్టు కొట్టేస్తే మొద్దు చచ్చిపోతుంది. టేకు, నీలగిరి మొద్దులు మళ్ళీ చిగురిస్తాయి కాబట్టి వేళ్ళన్నీ ఒక్కసారి చావవు, ఎర్రమట్టి గారి కిటికీ మనకి అంత లోతుగా ఉండకపోవచ్చు. మొద్దులు పెకలించి దున్నితే మాత్రం ఆ లాభం పోయినట్టే. పోడు చేనా, నీడ కాఫీ తోటా రెండూ "అడవి కాదు" అని ఒకే గడిలో వేయడం ఇంకో తప్పు. సిల్వర్ ఓక్ నీడలో ఉన్న కాఫీ తోటకి వేళ్ళూ ఉన్నాయి, ఆకుచెత్తా ఉంది.

ఇంకో జాగ్రత్త. 2024 జులై 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మలలని తుడిచిపెట్టింది దాదాపు 1,550 మీటర్ల ఎత్తున, ఊళ్ళకి బాగా పైన మొదలైంది. అక్కడే 2020లోనూ జారింది. దిగువన రోడ్లు, తోటలు, ఇళ్ళు ఎవరు చనిపోతారన్నది నిర్ణయించి ఉండొచ్చు, చరియ ఎక్కడ మొదలవుతుందన్నది వేరే ప్రశ్న. ప్రతి చరియనీ రోడ్డు ఖాతాలో రాస్తే నిజంగా రోడ్డు వల్ల పడినవాటికి విలువ పోతుంది. గఢ్వాల్ హిమాలయంలో 1999 చమోలీ భూకంపం తరువాత ఒక ప్రాంతంలో చరియలన్నీ నడిచి చూస్తే మూడింట రెండు వంతులకు పైగా మనిషి చేతివే, ఎక్కువగా రోడ్డు కోసం వాలు కాలు నరికినవే. అలాంటి మాట నిలబడేది ఒక్కొక్కటీ చూసి రాసినప్పుడే.

ఎర్రమట్టి

ఘాట్‌మలుపు గారూ, ఒక్క చోట విభేదం. సైడు కాలువ తీసేసి రోడ్డుని లోయ వైపు 3–5 శాతం వాలుగా వేస్తే నీళ్ళు ఒకచోట చేరకుండా పరుచుకుని దిగుతాయి కదా. తూములు తగ్గుతాయి, మూసుకుపోయేదీ తగ్గుతుంది. మీరు ఆ మాటే ఎత్తలేదు.

ఘాట్‌మలుపు

కావాలనే ఎత్తలేదు. రోజుకి నాలుగు దుంగల బండ్లు నడిచే గ్రావెల్ రోడ్డుకి అది మంచిదే. ఎర్ర జిగట మట్టి తడిసినప్పుడు లోయ వైపు వాలిన రోడ్డు మీద బస్సు జారుతుంది. పైగా బండి చక్రాల గాడి పడగానే నీళ్ళు పరుచుకోవు, గాడిలో పారి మలుపు దగ్గర కట్టగట్టుకుని దిగుతాయి. జనం తిరిగే ఘాట్ రోడ్డుకి లోపలి వాలు, కాలువ, దగ్గర దగ్గర తూములే మేలు. వాడుక ఆపేసిన అడవి రోడ్డుకైతే మీరన్నది అక్షరాలా సరి.

అలాంటి వదిలేసిన రోడ్లకి ఇంకా గట్టి వైద్యం కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ క్రీక్‌లో చేశారు. 1978లో నేషనల్ పార్కుని పెంచినప్పుడు పాత దుంగల రోడ్లు కూడా వచ్చి పడ్డాయి. వాగు దాటే చోట్ల పైపు, మీద పోసిన మట్టి మొత్తం పాత వాగు అడుగు దాకా తవ్వి తీశారు, అంచు మట్టిని లాగి కోసిన గోడకి ఆనించారు. 1997 తుఫానుకి, పన్నెండేళ్ళకోసారి వచ్చే స్థాయిది, చూసుకుంటే బాగుచేసిన రోడ్డు ముక్కల్లో దాదాపు 80 శాతం చెక్కుచెదరలేదు. కదిలిన మట్టి, వదిలేసిన రోడ్లతో పోలిస్తే నాలుగో వంతు.

ఎక్కువ పోయింది ఎక్కడంటే వాగు బాగా నిటారుగా దిగే చోట్ల, తవ్వడం సగంలో ఆపిన దాటుల దగ్గర. పాత వాగు అడుగు దొరికిందా లేదా అన్నదానికి గుర్తు: గుండ్రటి గులకరాళ్ళు, నల్లబడిన ఆకుమట్టి పొర, అప్పట్లో కొట్టిన మొద్దులు నిలువుగా కనబడటం. అవి కనబడేదాకా బకెట్ ఆపొద్దు.

వాగుగట్టు

అర్థమైంది. మా జాబితాలో "తూము నోరు ఎక్కడికి", "మూసుకుపోతే నీళ్ళు ఎటు" అని రెండు గడులు ఇప్పుడే కలిపాను. తొలి నడక బయటి అంచు వెంటే.